14 ఎలక్ట్రిక్ ఆటోలకు షెడ్డులో చార్జింగ్ – కనెక్షన్ ఎలా తీసుకోవాలి?

అందరికీ నమస్కారం. బాలానగర్‌లో అద్దె షెడ్డు నుంచి కిరాణా సరుకు డెలివరీ చేస్తాం. డీజిల్ ఆటోలు తీసేసి 14 ఎలక్ట్రిక్ కార్గో ఆటోలు తీసుకుంటున్నాం. ఇప్పటికే వచ్చిన రెండింటిని మామూలు 16 ఆంప్స్ సాకెట్‌కే పెడుతున్నాం. ఒక సాకెట్ చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగింది, ప్లగ్ పీకితే చెయ్యి కాలుతోంది. రాత్రి అక్కడే డ్రైవర్లు పడుకుంటారు, అందుకే టెన్షన్.

ఒక్కో చార్జర్ 3.3 కిలోవాట్లు. అన్నీ ఒకేసారి పెడితే 46 కిలోవాట్లు దాటుతుంది. కానీ బండ్లు రాత్రి తొమ్మిదికి వస్తే మళ్లీ కదిలేది ఉదయం ఐదింటికే. సగం ముందు, సగం తర్వాత పెడితే 25 కిలోవాట్ల లోడ్ సరిపోతుందా? ఈ వంతులు మనిషి చూసుకునేది కాదని నా నమ్మకం, నిద్రలో ఎవరు లేస్తారు? లోడ్ తనంతట తనే పంచే చార్జర్లు వాడినవాళ్లు ఉంటే ఎలా పనిచేస్తున్నాయో చెప్పండి.

ఈవీ చార్జింగ్‌కి టారిఫ్ కేటగిరీ వేరే ఉంది కదా, మీటర్ ఓనర్ పేరు మీద ఉన్నా అదే షెడ్డులో మా పేరుతో రెండో కనెక్షన్ ఇస్తారా? ఓనర్‌గారు ఎన్‌ఓసీ ఇస్తానన్నారు.

ఎర్తింగ్, ఆర్‌సీసీబీ (కరెంట్ లీకైతే సప్లై ఆపేసే స్విచ్) ఒక్కో పాయింట్‌కి విడివిడిగా పెట్టించారా? వచ్చే ఏడాది నాలుగు చక్రాల బండ్లు రెండు కూడా కొంటాం, కేబుల్ ఇప్పుడే పెద్దది లాగించడం మంచిదేనా?