అసలు పాట జాడే లేకపోతే దాన్ని రీమిక్స్ అనొచ్చా?

నెల్లూరు హెడ్‌ఫోన్స్: అమెరికన్ రాక్ బ్యాండ్ నైన్ ఇంచ్ నెయిల్స్ 1995లో తెచ్చిన రీమిక్స్ ఆల్బమ్ ‘ఫర్దర్ డౌన్ ద స్పైరల్’లో బ్రిటన్ ఎలక్ట్రానిక్ సంగీతకారుడు ఏఫెక్స్ ట్విన్ ఇచ్చిన ‘ఎట్ ద హార్ట్ ఆఫ్ ఇట్ ఆల్’ అంటే నాకు ప్రాణం. ఇనప గొట్టాల్లోంచి బాకా ఊదినట్టు మొదలై గుండెల మీద కూర్చుంటుంది. రూమ్మేట్‌కి వినిపిస్తే “ఇందులో పాత పాటేది?” అన్నాడు. లేదు, అంతా ఆయన సొంతం. బాగున్నప్పుడు ఆ లెక్కలెందుకు? కాదనేవాళ్లు చెప్పండి.

ఒంగోలు డీజే: నేను కాదంటానన్నా. పెళ్లిళ్లకి, నిమజ్జనాలకి బాక్సులు కడతా. జనం పల్లవి గుర్తుపట్టగానే ఊగుతారు, రీమిక్స్‌లో మజా అంతా అక్కడే. ఆ ఏఫెక్స్ ట్విన్ రీమిక్స్‌లు కలిపి 2003లో వేసిన ఆల్బమ్ పేరేంది? ‘26 మిక్సెస్ ఫర్ క్యాష్’! డబ్బుకే చేశానని కవర్ మీదే వేసుకున్నాక ఇంకా మోయడమెందుకు?

కావలి పాతకాపు: నువ్వు మాత్రం నిమజ్జనానికి ఊరికే వస్తావా అబ్బయా? డబ్బు సంగతి వదిలెయ్. పల్లవి లేకపోతే రీమిక్స్ కాదంటే సౌండ్ ఇంజనీర్ కింగ్ టబ్బీని ఏం చేస్తావు? 1970లలో జమైకాలో మిక్సింగ్ బోర్డు ముందు కూర్చుని గొంతు చాలావరకు తీసేసేవాడు. డ్రమ్స్, బాస్ ముందుకొచ్చేవి. నడుమ ఎక్కడో ఒక మాట ఎకోలో తేలి మాయమయ్యేది. డబ్ అంటే అదే. ఇవాళ్టి రీమిక్స్‌కి అదే పెద్దదిక్కు.

ఒంగోలు డీజే: బాబాయ్, అది నా వైపు సాక్ష్యం. టబ్బీ తీసేశాడు, మిగిలిన బాస్ మాత్రం ఆ పాటదే. ఇక్కడ ఏముంది మిగలడానికి?

కందుకూరు వీణ: నాకైతే ఆ ట్రాకే నచ్చలేదు, భయపెట్టడం తప్ప ఏం చేసింది? బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జీత్ సింగ్ 1982 ఆల్బమ్ వినండి, పది రాగాలు డిస్కో బీట్ మీద. బాస్‌కి రోలాండ్ 303, డ్రమ్స్‌కి 808 మెషిన్లు. చికాగోలో యాసిడ్ హౌస్ అనే ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతం రాకముందే ఆ సౌండ్! అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు, 2010లో మళ్లీ విడుదలయ్యాకే పేరొచ్చింది. అందులో మాల్‌కౌఁస్ పెట్టండి. మన హిందోళమే, వెంటనే పట్టేస్తారు. ప్రయోగం చేయాలంటే ఆనవాలు చెరిపేయనక్కర్లేదు.

ఒంగోలు డీజే: ఇప్పుడే విన్నా అక్కా. మా హెల్పర్ కూడా కూనిరాగం అందుకున్నాడు. నేను మొత్తుకునేది ఇదే.

నెల్లూరు హెడ్‌ఫోన్స్: ఆల్బమ్ బ్రహ్మాండం, వాదన మాత్రం అతకలేదు వీణ గారూ. రాగం ఎవరి సొత్తూ కాదు, అందులో ఎవరి పాటనీ ఆయన రీమిక్స్ చేయలేదు. నేనడిగింది ఇంకొకరి పాట చేతికిచ్చినప్పటి సంగతి. పల్లవి పట్టుకుని బీట్ పెంచడం సాఫ్ట్‌వేర్ ఉన్న ఎవరైనా చేస్తారు, డీజే తమ్ముడు ఏమనుకోకపోతే.

ఒంగోలు డీజే: అనుకున్నా. ఒకసారి నిమజ్జనానికొచ్చి ఆ గొట్టాల బాకా నువ్వే వెయ్యన్నా, బాక్సులు నావి.