జర్మనీకి ఇద్దరం, ప్లస్ మా కుక్క.. ముందు జాబా, ముందు దాని పేపర్లా?

మల్లి_వాళ్ళమ్మ:
హాయ్ అండి, మేం హైదరాబాద్‌లో ఉంటాం, నేను డేటా ఇంజనీర్‌ని, ఆరేళ్ల ఎక్స్‌పీరియన్స్, మా ఆయన బీపీటీ చేసి ఫిజియోథెరపిస్ట్‌గా చేస్తున్నారు. జర్మనీ అని ఫిక్స్ అయ్యాం కానీ చేతిలో ఆఫర్ లేకుండా ఉన్న జాబులు వదిలేసే ధైర్యం లేదు, ఈఎంఐలున్నాయి. మాతో పాటు మల్లి కూడా వస్తుంది, మా వీధిలో పుట్టిన కుక్కే, ఇప్పుడు 17 కేజీలు. ఊర్లో అత్తగారింట్లో వదిలేయండి అని అందరూ తేలిగ్గా చెప్తున్నారు, అది జరగని పని, ఆ సలహా వద్దు ప్లీజ్. ఇద్దరం ఒకేసారి ట్రై చేయాలా? 90 రోజుల నోటీస్ అంటే అక్కడివాళ్లు ఆగుతారా? ఆఫర్ వచ్చాక మల్లి పేపర్లు మొదలెడితే చాలా? ఇక్కడ ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఇద్దరికీ జాబ్ గ్యారంటీ, నాలుగు లక్షలు అంటున్నారు, అదీ చెప్పండి.

స్టుట్‌గార్ట్_శీను:
కన్సల్టెన్సీకి దండం పెట్టి వచ్చేయండి. నిజంగా జాబిచ్చే కంపెనీ మీ దగ్గర పైసా తీసుకోదు, మన గవర్నమెంట్ దగ్గర రిజిస్టర్ అయిన ఏజెంట్ కూడా 30,000 ప్లస్ జీఎస్టీ దాటి తీసుకోకూడదు, ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో వాళ్ల పేరుందో లేదో చూడండి, ఉండదు.

ఇద్దరూ ఒకేసారి వద్దు, మీరు ట్రై చేయండి. ఐటీ కొరత ఉన్న ఫీల్డ్ కాబట్టి బ్లూ కార్డ్‌కి (డిగ్రీ, జాబ్ ఆఫర్ ఉన్నవాళ్లకిచ్చే వర్క్ పర్మిట్) ఉండాల్సిన కనీస జీతం తక్కువ, 2025లో ఏడాదికి 43,759.80 యూరోలు (మిగతావాళ్లకి 48,300), జనవరి జనవరికి మారుతుంది. బ్లూ కార్డ్ మీద వెళ్తే మీ ఆయనకి డిపెండెంట్ వీసా కోసం జర్మన్ ఏ1 (భాషలో మొదటి లెవెల్) పరీక్ష అడగరు, దిగిన తర్వాత ఏ పనైనా చేసుకోవచ్చు. అప్లై చేసేముందు అనబిన్ అనే సైట్‌లో మీ యూనివర్సిటీకి హెచ్ ప్లస్ (అంటే జర్మనీలో గుర్తింపు ఉన్నట్టు) ఉందా చూసుకోండి, కాలేజీ పేరు కాదు, డిగ్రీ ఇచ్చిన యూనివర్సిటీ పేరు.

నోటీస్ గురించి టెన్షన్ అక్కర్లేదు, అక్కడివాళ్లకే మూడు నెలల నోటీస్ మామూలు, 90 రోజులంటే ఎవరూ కంగారుపడరు. ఇక్కడ మన కంపెనీలు ఇమీడియట్ జాయినర్ కావాలని ప్రాణం తీస్తాయే, ఆ గోల లేదు.

భీమవరం_టు_బెర్లిన్:
శీను గారూ ఏ పనైనా అన్నారు, ఫిజియో మాత్రం కాదండి. అది రెగ్యులేటెడ్ ప్రొఫెషన్, జర్మనీలో పనిచేసే రాష్ట్రం వాళ్ల దగ్గర డిగ్రీకి గుర్తింపు తెచ్చుకోవాలి, జర్మన్ బీ2 (బాగా మాట్లాడగలిగే లెవెల్) కావాలి, చాలామందికి సిలబస్‌లో తేడాలున్నాయని ట్రైనింగో పరీక్షో కూడా పెడతారు. అక్కా, మీరు ఇంటర్వ్యూలు చూసుకునేలోపు అన్నయ్యని ఇవాళే జర్మన్ క్లాసులో చేర్పించండి, మీ ఇంట్లో ఎక్కువ టైమ్ పట్టే పని అదే.

జోబ్లెస్_రాజా:
ఇంత ఎందుకు బ్రో, ఆపర్చ్యూనిటీ కార్డ్ తీసుకుని వెళ్లి అక్కడే వెతుక్కోవచ్చుగా? 2024 జూన్ నుంచి ఇస్తున్నారు, ఏడాది ఉండొచ్చు.

భీమవరం_టు_బెర్లిన్:
@రాజా ఒంటరిగా ఉన్నవాళ్లకి ఓకే. నెలకి 1,091 యూరోల లెక్కన (2025లో) ఏడాది డబ్బు బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకి ఇంతే అని తీసుకోగలిగే అకౌంట్) చూపించాలి, వారానికి 20 గంటలు పార్ట్ టైమ్ మాత్రమే. ఈఎంఐలు, పైగా కుక్క.. పర్మనెంట్ జాబ్ కాంట్రాక్ట్ చూపిస్తేనే ఇల్లివ్వడానికి వందసార్లు ఆలోచించే ఊళ్లు ఇవి.

బ్రూనో_నాన్న:
మల్లి గురించి నేను చెప్తా, మా వాడిని తీసుకొచ్చాను కాబట్టి. ఆఫర్ వచ్చేదాకా ఆగకండి, ఈ వారమే మొదలెట్టండి. ముందు మైక్రోచిప్, ఆ తర్వాతే రేబిస్ టీకా (చిప్ కంటే ముందు వేసిన టీకా లెక్కలోకి రాదు), టీకా వేసిన 30 రోజులు దాటాక రక్తం తీసి ఈయూ గుర్తించిన ల్యాబ్‌కి పంపాలి, రేబిస్ యాంటీబాడీలు మిల్లీలీటర్‌కి 0.5 ఐయూ లేదా పైన రావాలి, రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. అంటే మీ జాబ్ ఎంత తొందరగా వచ్చినా దానికి నాలుగు నెలలు ఎలాగూ పడుతుంది. ఒకసారి పాసైతే బూస్టర్ ఒక్కటీ లేట్ కాకుండా వేయిస్తున్నంతకాలం ఆ రిపోర్ట్ పనికొస్తుంది, జాబ్ ఏడాది తర్వాత వచ్చినా నష్టం లేదు. చివరి పది రోజుల్లో హైదరాబాద్ ఏక్యూసీఎస్ (జంతువుల క్వారంటైన్ చూసే గవర్నమెంట్ ఆఫీస్) వాళ్ల హెల్త్ సర్టిఫికెట్.

ఎవరూ చెప్పని ఇంకో మెలిక ఉంది. ఓనర్ ప్రయాణానికి ఐదు రోజులు అటూ ఇటూలోనే కుక్క వెళ్లాలి, లేకపోతే కమర్షియల్ ఇంపోర్ట్ కింద రూల్స్ మారిపోతాయి. మీరు ముందు వెళ్లి ఇల్లు చూసుకుని ఆయన వెనక తీసుకొచ్చే ప్లాన్ అయితే టీకా బుక్‌లో, చిప్ రిజిస్ట్రేషన్‌లో ఓనర్‌గా ఆయన పేరే పెట్టించండి.

ఇల్లు మాత్రం కష్టమే. కుక్కలు అసలే వద్దని కాంట్రాక్ట్‌లో గుండుగుత్తగా రాస్తే చెల్లదని అక్కడి సుప్రీంకోర్టు లాంటిది 2013లోనే చెప్పింది గానీ, కుక్క లేని వాడికి ఇల్లిస్తే ఎవరడుగుతారు. కుక్కకి టాక్స్ కూడా ఉంది, బెర్లిన్‌లో ఏడాదికి 120 యూరోలు.

మల్లి_వాళ్ళమ్మ:
అమ్మో ఓనర్ పేరు సంగతి అస్సలు తెలీదు, అన్నీ నా పేరు మీదే ఉన్నాయి, రేపే డాక్టర్ గారి దగ్గరికి వెళ్తాం. 17 కేజీలు కదా, క్యాబిన్‌లో కుదరదా?

బ్రూనో_నాన్న:
కుదరదండి, లుఫ్తాన్సాలో బ్యాగ్‌తో కలిపి 8 కేజీల వరకే క్యాబిన్. ఫ్రాంక్‌ఫర్ట్‌కి డైరెక్ట్ ఫ్లైట్ ఉంది కాబట్టి మధ్యలో మార్చే గొడవ లేదు, కింద హోల్డ్‌లో వెళ్తుంది. క్రేట్ ఇప్పుడే కొని హాల్లో తలుపు తీసి పెట్టండి, అన్నం అందులోనే పెట్టండి, పడుకోవడం అలవాటవ్వాలి. మత్తు మందు ఇస్తే మాత్రం ఎక్కించుకోరు.