హాబ్‌గాబ్లిన్లకి పరువు పెట్టడం ఎలా? (డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట, ఐదో ఎడిషన్; హోమ్‌బ్రూ, అంటే సొంతంగా కల్పించుకునే రూల్స్)

డబ్బాడైస్: మూడో లెవెల్ పార్టీ (ప్లేయర్ల పాత్రల జట్టు), కథ సరిహద్దు కోటలో. హాబ్‌గాబ్లిన్లు (ఆటలో గాబ్లిన్లకి చుట్టాలైన ఒక జాతి) ఊళ్ళు దోచే గుంపులా కాకుండా మాట మీద నిలబడే జాతిగా కావాలి. పరువుని రూల్స్‌లోకి ఎలా తేవాలి? వాళ్ళ దేవుడు, పెళ్ళి ఆచారాలు కూడా చెప్పండి.

కోటబురుజు: 2014 డీఎంజీలో (ఆట నడిపేవాళ్ళ గైడ్) బలం, తెలివి లాంటి ఆరు స్కోర్ల పక్కన ఆనర్, అంటే పరువు, అని ఏడో స్కోర్ ఉంది, దాని జోలికి పోకండి. దాన్ని వాడుకునే క్లాస్ ఫీచర్ (పాత్ర వృత్తితో వచ్చే శక్తి) లేదు, అందరూ తమ అతి తక్కువ అంకె 8ని అందులో పడేసి చేతులు దులుపుకుంటారు. ‘వోలోస్ గైడ్’ పుస్తకంలో హాబ్‌గాబ్లిన్‌కి ‘సేవింగ్ ఫేస్’ అనే ఫీచర్ ఉందిగా: దెబ్బ తప్పినా, చెక్ (ఏదైనా పని చెయ్యగలమా అని వేసే పాచిక) పోయినా, సేవ్ (ముప్పు తప్పించుకోడానికి వేసే పాచిక) పోయినా 30 అడుగుల్లో కనిపించే తోటివాళ్ళ లెక్కన ఆ పాచికకి తలా +1, గరిష్ఠం +5. దానికి బాకీ తగిలించండి. ముగ్గురి వల్ల +3 వస్తే ముగ్గురికీ తలో సాయం చెయ్యాలి. బాకీ తీరేదాకా రెస్ట్ తీసుకున్నా ఫీచర్ తిరిగి రాదు.

ఆర్క్‌బాబాయ్: ఆర్క్‌ల జాతి ఎవరికీ పట్టదా? వాళ్ళ ఇంటెలిజెన్స్ స్కోర్‌లో -2 కోత 2020 ఎర్రాటాలో (పుస్తకానికి సవరణలు) పోయింది, సంతోషం. కానీ ఏం తింటారు, ఎవరికి పన్ను కడతారు అన్నది రాయకపోతే వాళ్ళు కోరలున్న మనుషులే.

లంకలోలాయర్: ముందు మన రాక్షసుల్ని ఈ ఆటలో ఏం చేశారో చూడండి! 2014 మాన్‌స్టర్ మాన్యువల్‌లో పులి తల, వెనక్కి తిరిగిన అరచేతులు, ఆరో లెవెల్ దాకా స్పెల్స్ (మంత్రాలు) అంటవు. బలి చక్రవర్తి లాంటి రాక్షసుడు ఎక్కడ? గురువు వద్దన్నా మూడడుగులూ ఇచ్చేశాడు.

గుంటూరు_విజార్డ్: బలి దైత్యుడండీ, రాక్షసుడు కాదు. పులస్త్యుడి సంతతిలో అసలు రాక్షసుడే కావాలంటే విభీషణుడిని తీసుకోండి.

లంకలోలాయర్: అన్నని వదిలి అవతలి శిబిరానికి పోయినవాడా పరువుకి ఉదాహరణ? కుంభకర్ణుడు తప్పని మొహం మీదే చెప్పాడు, అయినా యుద్ధానికి వెళ్ళాడు.

గుంటూరు_విజార్డ్: అది పరువు కాదు, గుడ్డి విధేయత. సీరియల్ చూసి రామాయణం మాట్లాడకండి.

ధాకానీదాదా: ఇక్కడ ఎబెరాన్‌ని (ఈ ఆటకి రాసిన ఒక ప్రపంచం) నాలా నమిలేసినవాళ్ళు లేనట్టుంది. 2004 నుంచీ అందులో గాబ్లిన్ల సామ్రాజ్యం ఉంది, ధాకాన్. కూలిపోయాక కూడా దాని చరిత్రని దూర్‌కాలా గాయనులే మోస్తున్నారు. మీ ఇద్దరి తగువునీ తెగల మధ్యకి తోసెయ్యండి: కోటలో ఉన్నవాళ్ళకి కుంభకర్ణుడి దారి, కొండ మీద వాళ్ళకి విభీషణుడి దారి. ఇద్దరూ పార్టీనే సాక్ష్యానికి పిలుస్తారు. జాతి మొత్తానికీ ఒకే నీతి అంటించడం సోమరితనం.

ఆర్క్‌బాబాయ్: దాదాగారు దిగారు, ఇక మనం లేద్దాం.

పాచికలపాప: కోటబురుజుగారి బాకీ రూల్‌కి చిల్లు ఉంది. పార్టీలో నలుగురే అయితే +3 దాటదు కాబట్టి ప్లేయర్లు రోజుకి 2 వెండి నాణేలకి కూలీలని తెచ్చి పక్కన నిలబెడతారు. కూలీకి సాయం ఎంతసేపు? మూట మోస్తే బాకీ తీరిపోతుంది.

కోటబురుజు: ఆ హాబ్‌గాబ్లిన్ ఉప్పు తిన్నవాళ్ళే లెక్కలోకి వస్తారని పెట్టండి. ఆ భోజనం లాంగ్ రెస్ట్‌లోనే (ఆటలో రాత్రంతా తీసుకునే విశ్రాంతి), అందరూ ఒకే కుండలోంచి.

డబ్బాడైస్: బావుంది. మరి దేవుడు?

ఆర్క్‌బాబాయ్: మా ఆర్క్‌ల దేవుడు గ్రూమ్ష్‌ని అప్పిస్తా, ఒంటికన్ను.

పాచికలపాప: కూలీలకి కూడా వండి పెడితే?