26 ఏళ్లు, గ్రేడ్ 3 బట్టతల, మాఘంలో పెళ్లి: 3500 గ్రాఫ్టులు ఇప్పుడే వేయించుకోవచ్చా?

కూకట్‌పల్లి_కుర్రోడు:

అన్నలకి, అక్కలకి నమస్తే. నాకు 26. ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో కణతల దగ్గర జుట్టు ఊడటం మొదలైంది. ఇప్పుడు రెండు వైపులా బాగా లోపలికి పోయింది. వెనక సుడి దగ్గర కూడా పల్చబడింది. ఆఫీసు లిఫ్టులో కెమెరా స్క్రీను చూసేదాకా నాకే తెలీదు. నాన్నకి 58, చెవుల మీదుగా వెనక్కి ఒక పట్టీ తప్ప ఏమీ మిగల్లేదు. పెద్ద మేనమామదీ అదే కథ. చిన్న మేనమామకి మాత్రం 50 దాటినా ఒత్తుగా ఉంది. అమ్మ ఆయన్ని చూపించే నాకు ధైర్యం చెబుతుంటుంది.

ఒక హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ క్లినిక్ వాళ్లు వాట్సాప్‌లో ఫోటోలు పంపమన్నారు. పంపిన సాయంత్రమే కౌన్సెలర్ మేడమ్ ఫోన్ చేశారు. 3500 గ్రాఫ్టులు (వెనక నుంచి తీసి ఖాళీ చోట నాటే వెంట్రుకల కుదుళ్లు) పడతాయట, ముందూ వెనకా ఒకే సిట్టింగ్‌లో అయిపోతుందట. నెలాఖరులోపు అడ్వాన్స్ కడితే గ్రాఫ్టు 35 రూపాయలు, పీఆర్పీ (మన రక్తం నుంచే తీసి తలకి ఇచ్చే ఇంజెక్షన్) ఫ్రీ, పైన లైఫ్‌టైమ్ గ్యారంటీ కార్డు. నా ఫోటో మీద ఎర్ర గీత గీసి హెయిర్‌లైన్ కూడా పంపారు. అచ్చం నేను ఇంటర్‌లో ఉన్నట్టే ఉంది.

ఇంట్లో మాఘంలో ముహూర్తం అంటున్నారు, అంటే ఇంకో నాలుగైదు నెలలు. నా డౌట్లు ఇవి. ఇప్పుడు చేయించుకుంటే పెళ్లికి రెడీ అవుతుందా? చేయించుకున్నాక కూడా జుట్టు ఊడటం తగ్గించే ఫినాస్టరైడ్ మాత్ర వాడాలా? దాని గురించి చదివినవన్నీ తల్చుకుంటే భయమేస్తోంది. ఆ ఎర్ర గీత ఓకేనా?

గుండు_గ్యాంగ్:

లక్షన్నర ఎందుకు బ్రో, ట్రిమ్మర్ పన్నెండొందలు. గుండు కొట్టి గడ్డం పెంచెయ్. నేను అదే చేశా, హాయిగా ఉన్నా.

బెజవాడ_బాబాయి:

పై తమ్ముడు చెప్పిందీ ఒక దారే, తీసిపారేయాల్సింది కాదు. కానీ నువ్వు అడిగింది వేరు కాబట్టి వివరంగా రాస్తున్నా. ముందు ఆ అడ్వాన్స్ కట్టకు. మిగతాది తీరిగ్గా చదువు.

నాకు 42. నీ వయసులో నాది నీకంటే ఒక గ్రేడ్ ఎక్కువే. 24 ఏళ్లప్పుడు డబ్బులు జేబులో పెట్టుకుని మరీ సూర్యారావుపేటలో ఒక డాక్టరు దగ్గరికి వెళ్లా. ఆయన చేయనన్నాడు. ముందు జుట్టు చూపిద్దామని వెళితే, కుర్చీ తిప్పేసి వెనకవైపు చూడ్డం మొదలుపెట్టాడు. నీళ్లు స్ప్రే చేసి, తోక దువ్వెనతో పాయలు తీసి, కంప్యూటర్‌కి తగిలించిన చిన్న కెమెరాతో మెడ పైనుంచి చెవుల దాకా అంగుళం అంగుళం చూశాడు. తెర మీద నాకూ చూపించాడు. ఒక రంధ్రంలోంచి రెండు వెంట్రుకలు, పక్కదాంట్లోంచి మూడు, అక్కడక్కడ ఒక్కటే. అన్నీ ఒకే లావు. తర్వాత కెమెరా మాడు మీదకి తెచ్చాడు. నేను ఒత్తుగా ఉందనుకుంటున్న చోట కూడా ఒక లావు వెంట్రుక పక్కన రెండు మూడు నూగు వెంట్రుకలు. "ఇవి ఉన్నాయని నువ్వు లెక్కేసుకుంటున్నావు. పోయేవాటి ఖాతాలో వేసుకో" అన్నాడు. నాన్నవీ మేనమామలవీ పాత ఫోటోలు తెమ్మని పంపించేశాడు.

అప్పుడు బుర్రకెక్కిన విషయమే నీకూ చెప్తున్నా. ట్రాన్స్‌ప్లాంట్ ప్లాన్ వేయాల్సింది ఇప్పటిదాకా పోయిన జుట్టుకి కాదు, ఇక ముందు పోబోయేదానికి. వెనకా పక్కలా ఉన్న జుట్టు మన తాత ఇచ్చిన రెండెకరాల లాంటిది. అమ్మిన చెక్క మళ్లీ రాదు. మామూలు మనిషికి జీవితం మొత్తంలో వెనకవైపు పల్చగా కనబడకుండా తీయగలిగేది ఉజ్జాయింపుగా 6000 గ్రాఫ్టులు. జుట్టు సన్నగా ఉంటే ఇంకా తక్కువ. ఇప్పుడు మీ నాన్నగారి తల చూడు. అలా పైనంతా పోతే ఖాళీ జాగా సుమారు 200 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. పుట్టుకతో చదరపు సెంటీమీటర్‌కి 70, 80 గ్రాఫ్టులుంటాయి. అందులో సగం, అంటే 35, 40 పెట్టినా చూపుకి బాగానే ఉంటుంది. ఆ సగం లెక్కన వేసినా 7000 దాటుతుంది. ఉన్నవేమో 6000. నీకిప్పుడు 26, గ్రేడ్ 3. ఇక్కడే 3500 వాడేస్తే 35 ఏళ్లకి నడిమాడు ఖాళీ అయినప్పుడు దేంతో నింపుతావు?

అందుకే తెలిసిన డాక్టర్లెవరైనా ముందు భాగం మొదట, ఆ తర్వాత మధ్య భాగం చూస్తారు. సుడి ఆఖరున, లేదంటే అసలు ముట్టుకోరు. సుడి దగ్గర జుట్టు అన్ని వైపులకీ విచ్చుకుని పెరుగుతుంది, ఒకదాని మీద ఒకటి పడి కప్పదు. ఎన్ని గ్రాఫ్టులు పెట్టినా తాగేస్తుంది. పైగా ఆ ఖాళీ ఏటా చుట్టూ పెరుగుతూ పోతుంది. నీ వయసులో సుడి నింపిస్తే, పదేళ్లకి మధ్యలో పెట్టిన జుట్టు ఒక ముద్దగా మిగిలి చుట్టూ నున్నగా కనబడుతుంది. అలాంటి తలని కళ్లారా చూశా. దానికి గుండు తప్ప వేరే మందు లేదు.

నాది ఎలా అయిందంటే, తొమ్మిదేళ్లు మందులు, ఆరునెలలకోసారి అదే గోడ ముందు, అదే లైటు కింద ఫోటో. 33కి జుట్టు ఊడటం నిలకడ పడింది. అప్పుడు ముందు భాగానికి 2200 పెట్టారు. 39లో మధ్యకి 1400. సుడి అలాగే ఉంది. పైనుంచి చూస్తే నాకు బట్టతల ఉన్నట్టే, ఎదురుగా నిలబడితే లేదు. ఇంకో 1500 వరకు తీయొచ్చని డాక్టరు లెక్క. వాటిని దాచుకున్నా.

ఆ ఎర్ర గీత సంగతి. అద్దం ముందు నిలబడి కనుబొమ్మల మధ్య నుంచి టేపు పెట్టి కొలుచుకో. పెద్ద మగాడికి నుదుటి మధ్య ఏడు సెంటీమీటర్ల కంటే కిందకి గీత తేకూడదని ఎక్కువమంది డాక్టర్లు అంటారు. నాకు ఎనిమిదిన్నర దగ్గర గీశారు. కొంచెం కిందకి జరపమని నేనే బతిమాలా. ఆయన స్కేలు పెట్టి చెప్పాడు: ఒక్క సెంటీమీటర్ దించితే నుదుటి వెడల్పు మొత్తానికి 15 చదరపు సెంటీమీటర్లు, అంటే 600 గ్రాఫ్టులు. ఇంటర్ ముఖం కోసం 600 ఖర్చా అని నోరు మూసుకున్నా. పైగా కణతల మూలలు గుండ్రంగా మూసేసిన గీత 50 ఏళ్ల ముఖానికి విగ్గు పెట్టినట్టే ఉంటుంది.

పెళ్లి విషయానికొస్తే, పెట్టిన వెంట్రుకలు రెండు నుంచి ఆరు వారాల్లో రాలిపోతాయి. కుదుళ్లు లోపలే ఉంటాయి. మూడు నాలుగు నెలలకి మొలకలు మొదలు, పూర్తిగా తేలడానికి ఏడాది, సుడికైతే ఇంకా ఎక్కువ. చుట్టూ ఉన్న నీ సొంత జుట్టు కూడా ఆ దెబ్బకి కొన్నాళ్లు రాలొచ్చు. నాలుగైదు నెలలంటే సరిగ్గా అందవిహీనంగా ఉండే టైము. ఆల్బమ్ జీవితాంతం ఉంటుంది మరి.

ఇంకో మాట. 3500 ఇంటూ 35 అంటే 1,22,500. హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌కి వైద్యం కింద జీఎస్టీ మినహాయింపు లేదు, 18 శాతం కలుపుకుంటే 1,44,550. ఆ 35 లో జీఎస్టీ ఉందో లేదో అడుగు. 3500 అన్నది గ్రాఫ్టులా, వెంట్రుకలా అన్నది కూడా అడుగు. గ్రాఫ్టుకి ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలుంటాయి, కొందరు వెంట్రుకల లెక్క చెప్పి గ్రాఫ్టులని భ్రమపెడతారు. గ్యారంటీ కార్డంటావా, అది పెట్టిన జుట్టుకే. దాని వెనక నీ సొంత జుట్టు పోతే ఏ కార్డూ చెల్లదు.

డెర్మా_పీజీ:

బాబాయి గారి లెక్కలు సరైనవే. గ్రాఫ్టుల సంఖ్య, జాగా మాత్రం మనిషిని బట్టి మారతాయి, వాటిని ఉజ్జాయింపు లెక్కలుగానే తీసుకోండి. రెండు మూడు విషయాలు కలుపుతాను.

వెనక జుట్టుని ముందుకి తెచ్చినా వెనకటి గుణంతోనే పెరుగుతుందని ఒరెంట్రీచ్ అనే అమెరికా డాక్టర్ 1959లో రాశాడు, ఈ ఆపరేషన్ అంతా దాని మీదే నిలబడింది. అయితే అందరి వెనక జుట్టూ గట్టిది కాదు. కొందరికి మెడ దగ్గర నుంచి పైకి, చెవుల చుట్టూ కూడా సన్నబడుతుంది. కొందరికి తలంతా ఒకేలా పల్చబడుతుంది. అలాంటివాళ్లకి చేయకూడదు, పెట్టిన జుట్టు కూడా పోతుంది. అది ఫోటోలో తెలీదు, డెర్మోస్కోప్‌తో, అంటే బాబాయి గారు చెప్పినలాంటి చిన్న కెమెరాతో చూడాల్సిందే. వాట్సాప్ ఫోటో చూసి 3500 అన్నారంటేనే అక్కడ పరీక్ష జరగలేదని అర్థం. మచ్చలు పడుతూ జుట్టు పోయే జబ్బులు, పేనుకొరుకుడు లాంటివి కూడా ముందే తేల్చుకోవాలి.

ఫినాస్టరైడ్ గురించి. ట్రాన్స్‌ప్లాంట్ జుట్టు ఊడటాన్ని ఆపదు, ఊడిన చోట పెడుతుందంతే. ఊడే పని డీహెచ్‌టీ అనే హార్మోన్‌ది, ఆ మాత్ర దాన్ని సుమారు 70 శాతం తగ్గిస్తుంది. 1 మిల్లీగ్రాము మాత్రకి అమెరికాలో 1997లో అనుమతి వచ్చింది. మొదటి ఏడాది ట్రయల్స్‌లో లైంగిక ఇబ్బందులు మందు వాడినవాళ్లలో 3.8 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 2.1 శాతం మందికి వచ్చాయి. ఎక్కువమందికి మానేశాక తగ్గాయి. మానేసినా తగ్గలేదని చెప్పినవాళ్లూ ఉన్నారు, డిప్రెషన్ వచ్చిందన్నవాళ్లూ ఉన్నారు, కాబట్టి మీ భయాన్ని నేను కొట్టిపారేయను. పెళ్లి దగ్గర్లో ఉంది, పిల్లల ప్లాన్ ఉంటుంది, ఇవన్నీ డాక్టర్‌కి చెప్పి నిర్ణయించుకోండి. సొంతంగా ఆన్‌లైన్‌లో కొనొద్దు. వాడుతుండగా రక్తదానం చేయకూడదు, ఆపాక కనీసం నెల ఆగాలి. ఇంట్లో గర్భిణులు విరిగిన మాత్రని ముట్టుకోకూడదు. మాత్ర వద్దనుకుంటే తలకి రాసుకునే మినాక్సిడిల్ ఉంది, అది డీహెచ్‌టీని ఆపదు గానీ జుట్టుని నిలబెడుతుంది. మొదటి వారాల్లో కొంచెం ఎక్కువ రాలుతుంది, బెదిరి మానేయకండి.

ఏ మందూ వాడనంటే అది మీ హక్కు. అప్పుడు ప్లాన్ ఇంకా పొదుపుగా ఉండాలి.

చివరిగా, ఎవరు చేస్తున్నారో అడగండి. 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ స్పష్టంగా చెప్పింది, వర్క్‌షాపుల్లోనూ యూట్యూబ్‌లోనూ చూసి నేర్చుకోవడం ఈ ఆపరేషన్‌కి శిక్షణ కాదని. గాట్లు పెట్టేది ఎవరు, గ్రాఫ్టులు తీసేది ఎవరు, మత్తు తేడా చేస్తే చూసుకునే ఏర్పాటు ఏముంది, ఈ మూడూ డాక్టర్ నోటి నుంచే వినండి.

అత్తాపూర్_అక్క:

పెళ్లికూతురు వైపు మాట ఒకటి చెప్పనా తమ్ముడూ? మా ఆయన పెళ్లికి హెయిర్ ఫైబర్స్ చల్లుకొచ్చాడు, నాకు తెలీదు. జీలకర్ర బెల్లం పెట్టేది ఎక్కడ? సరిగ్గా ఆ పల్చబడ్డ చోటే. చెయ్యి తీసేసరికి నా అరచేతి నిండా బెల్లంతో పాటు నల్ల పొడి. మా పిన్ని చూసి కాటుకేమో అనుకుంది. తర్వాత దిండు గలీబుల మీద కూడా అదే. నాకు బట్టతల ఉన్నందుకు కోపం రాలేదు, దాచినందుకు వచ్చింది. ఆ అమ్మాయితో ముందే చెప్పెయ్. ఫోటోలు పంపేటప్పుడు పైనుంచి తీసిందీ ఒకటి పంపు. కాదనేవాళ్లు అప్పుడే కాదంటారు, నీకూ లక్షన్నర మిగులుతుంది.

కూకట్‌పల్లి_కుర్రోడు:

అందరికీ థాంక్స్. టేపు పెట్టి చూశా, ఆ ఎర్ర గీత ఆరు సెంటీమీటర్ల దగ్గరుంది. కౌన్సెలర్‌కి ఫోన్ చేసి డాక్టర్‌తో మాట్లాడతానంటే, సర్జరీ రోజు మాట్లాడొచ్చు అన్నారు. అడ్వాన్స్ కట్టట్లేదు. ముందు ఒక డెర్మటాలజిస్ట్ దగ్గర డెర్మోస్కోపీ చేయించుకుంటా.

అక్కా, అమ్మాయికి చెప్పేశా. "మా నాన్నకీ అంతే కదా" అంది. అంతే, ఇంకేం అనలేదు.

బాబాయ్, ఇంకో రెండు. వేరే క్లినిక్‌ల రిజల్ట్ ఫోటోలు ఎలా చూడాలి? పెళ్లయ్యాక తిరుమలలో తలనీలాల మొక్కు ఉంది మాకు. ఎప్పుడైనా ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకుంటే మళ్లీ గుండు చేయించుకోవచ్చా?

బెజవాడ_బాబాయి:

ఫోటోల్లో ముందు లైటు చూడు. 'ముందు' ఫోటో తలమీద ట్యూబ్‌లైటు కింద తడి జుట్టుతో, 'తర్వాత' ఫోటో జెల్ పెట్టి పక్కకి దువ్వి ఉంటే పక్కన పెట్టెయ్. దువ్వెనతో జుట్టు వెనక్కి తోసి హెయిర్‌లైన్ చూపించే వీడియో అడుగు. మొదటి వరసలో అన్నీ ఒంటి వెంట్రుకలుండాలి. రెండు మూడు వెంట్రుకల గుత్తులు అక్కడ కనబడ్డాయంటే పని బాలేదు. జుట్టు పొట్టిగా కత్తిరించాక వెనకవైపు ఫోటో అడుగు, తీసిన చోట గళ్లు గళ్లుగా పల్చబడిందా అని. ఏడాది నిండిన ఫోటోలే కాదు, ఐదారేళ్లయినవి ఉన్నాయా అని కూడా అడుగు, చాలామంది అక్కడే మాట మారుస్తారు.

మొక్కు సంగతి. గుండు చేయించినా చర్మం లోపల వేళ్లకి ఏమీ కాదు, మళ్లీ అలాగే వస్తుంది. కాకపోతే కొత్తగా పెట్టిన చోట వెంటనే కత్తి తగలనివ్వకూడదు, ఎన్ని నెలలు ఆగాలో చేసిన డాక్టరే చెప్పాలి. గుండులో మచ్చ కనబడుతుందా అన్నదే అసలు ప్రశ్న. పట్టీలా కోసి తీసే పద్ధతిలో వెనక చెవి నుంచి చెవికి గీత పడుతుంది. ఒక్కొక్క గ్రాఫ్టూ తీసే పద్ధతిలో చిన్న తెల్ల చుక్కలు పడతాయి, దగ్గరికొస్తేనే తెలుస్తాయి. తిరుమల మొక్కులే కాదు, ఇంట్లో పెద్దవాళ్ల కర్మలప్పుడు కూడా మనం గుండు తప్పించుకోలేం. నేను రెండోదానికి వెళ్లింది అందుకే. డాక్టర్ దగ్గర పద్ధతి మాట వచ్చినప్పుడు ఇది నువ్వే చెప్పాలి, వాళ్లు అడగరు.

నీకైతే ఆ బెంగ లేదు. మొక్కు ముందు తీర్చుకో, ట్రాన్స్‌ప్లాంట్ మాట ఒకట్రెండేళ్ల తర్వాత చూద్దువుగానీ. కల్యాణకట్టలో తల నున్నగా అయినప్పుడు ఫోన్‌తో నాలుగు వైపులా ఫోటోలు తీయించుకో. రెండు వారాలకి పొట్టిగా మొలిచాక అదే చోట్ల మళ్లీ తీయించు. ఎక్కడ ఒత్తుగా ఉందో, ఎక్కడ పల్చగా ఉందో అప్పుడు కనబడినంత స్పష్టంగా ఇంకెప్పుడూ కనబడదు. డెర్మటాలజిస్ట్‌కి అవి చూపించు.