హేలో మొదటి ఆటలో లైబ్రరీ ఘట్టాన్ని ఇద్దరు కలిసి దాటడం ఎలా?

నమస్కారం. మాది హన్మకొండ. బతుకమ్మ సెలవులకు కరీంనగర్ నుంచి వచ్చిన మా మేనల్లుడూ నేనూ ఒకే టీవీ తెరను రెండుగా పంచుకొని, 2001లో తొలి ఎక్స్‌బాక్స్‌తో పాటు విడుదలైన మొదటి హేలో ఆటను అన్నింటికన్నా కఠినమైన లెజెండరీ స్థాయిలో ఆడుతున్నాము. మా దగ్గర ఉన్నది హేలో ఆటలను ఒకచోట చేర్చిన 2014 నాటి మాస్టర్ చీఫ్ కలెక్షన్.

కోవెనంట్ అనే గ్రహాంతరవాసుల సైన్యంతో పోరాడినంతసేపు, ఒకరు ప్లాస్మా పిస్టల్‌తో శత్రువు షీల్డును తొలగిస్తే రెండోవారు మామూలు పిస్టల్‌తో తలకు గురిపెట్టి ముగించేవారు. లైబ్రరీలో గుంపులు గుంపులుగా మీదికి దూకే ఫ్లడ్ అనే పరాన్నజీవుల ముందు ఆ ఉపాయం పారడం లేదు. షాట్‌గన్ దగ్గర నుంచి బాగా పనిచేస్తుంది గానీ, తూటాలను ఒక్కొక్కటిగా ఎక్కించుకునేలోపే చుట్టుముడుతున్నాయి. పైగా కొన్ని రాకెట్ లాంచర్లతో వస్తాయి. షీల్డు దానంతటదే నిండినా, మెడికల్ కిట్ దొరికితే తప్ప ప్రాణశక్తి పెరగదు.

మాకు దారి చూపే యంత్రం గిల్టీ స్పార్క్ తలుపు తెరిచేవరకు ఒక మూలను ఆనుకొని కాచుకోవడం మేలా, కదులుతూ ఉండడం మేలా? ఒకరు చనిపోతే, రెండోవారి చుట్టూ పోరు సద్దుమణిగాకే తిరిగి ఆటలోకి వస్తారు కనుక, బతికున్నవారు వెంటనే వెనక్కి పరుగెత్తాలా? ఇద్దరమూ షాట్‌గన్‌లే పట్టుకోవాలా, లేక ఒకరు అసాల్ట్ రైఫిల్‌తో చిన్న ఫ్లడ్ జీవులను ఏరివేయాలా?

స్థాయి తగ్గించుకోమని మాత్రం చెప్పకండి, మావాడు ఒప్పుకోడు. ఇద్దరుగా ఆడి దాటినవారు దయచేసి మీ పద్ధతిని వివరంగా తెలుపగలరు.