బొమ్మల గురించి రాస్తూ బతకొచ్చా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

కుంచె_బెజవాడ: ఎం.ఎఫ్.ఏ. (చిత్రకళలో పీజీ) అయిపోయింది. బొమ్మలు వేయడం కన్నా, వేసినవాళ్ల గురించి రాయడమే నాకు నచ్చుతోంది. ఇంట్లో మాత్రం "దానికి జీతం ఎవడిస్తాడు?" అని ఒకటే గోల.

పాత_స్లైడు: వాళ్లన్నది నిజమే తమ్ముడూ. ఇరవయ్యేళ్లు రాశాను, ఇల్లు గడిచింది మాత్రం పాఠాలు చెప్పి. కానీ నా రాత బాగుపడింది కూడా క్లాసులోనే. అజంతా ఒకటో గుహలోని పద్మపాణిని, అదే చేతిలో తామర పట్టుకున్న బోధిసత్వుడి బొమ్మని, తెర మీద వేసి, పేరు చెప్పకుండా పది నిమిషాలు చూడమనేవాణ్ణి. "అందంగా ఉంది సార్", "ప్రశాంతంగా ఉంది సార్" అనేవాళ్లు. ఒకరోజు వెనక బెంచీ అమ్మాయి, "ఆ చేతిలో పువ్వుకి బరువే లేనట్టుంది సార్" అంది. ఆ రాత్రి నా వ్యాసం తీసి 'అద్భుతం' అన్న మాట కనబడ్డచోటల్లా కొట్టేశాను.

గోడమేకు: క్యూరేటింగ్, అంటే బొమ్మలు ఎంచి ప్రదర్శన పెట్టే పని, దాని సంగతి నేను చెప్తా. నా మొదటి షోకి వ్యాసం నెల రోజులు చెక్కాను. ముందురోజు రాత్రి చూస్తే చేతిలో టేపు, కింద నిచ్చెన. బొమ్మ నడిమి భాగం నేల నుంచి 57 అంగుళాల దగ్గరకి రావాలి, చూసేవాళ్ల కంటికి అదే సరిగ్గా ఉంటుంది. నీటిరంగుల మీద వెలుతురు 50 లక్స్ (వెలుతురుకి కొలత) దాటకూడదు, రంగు వెలిసిపోతుంది. బొమ్మ చేతికి రాగానే గీతలు, చితికిన మూలలు ఫొటో తీసి సంతకం పెట్టించుకో. నేను బద్ధకించాను. ఎక్కడ విరిగిందో తెలియని ఒక ఫ్రేము ఖర్చు నా నెత్తిన పడింది.

కుంచె_బెజవాడ: మరి మనం షో పెట్టిన పెయింటర్ మీద మనమే సమీక్ష రాయొచ్చా?

గోడమేకు: నేనైతే రాయను.

తుమ్మెద: అంత తేలిగ్గా తేలదండీ. 1981లో 'ప్లేస్ ఫర్ పీపుల్' ప్రదర్శనకు కేటలాగ్ వ్యాసం రాసింది కళా విమర్శకురాలు గీతా కపూర్. ఆ ఆరుగురు చిత్రకారుల్లో వివాన్ సుందరం ఆవిడ సహచరుడే. ఆవిడేమీ దాచలేదు, వ్యాసం పేరులోనే 'పార్టిజన్' (ఒక పక్షం వహించేది) అని పెట్టేసింది. నేను ఫలానా పక్షం అని చెప్పి రాయడంలో తప్పు లేదు, చెప్పకుండా రాస్తేనే పేచీ. శాంతినికేతన్‌లో పాఠాలు చెప్పిన కళా చరిత్రకారుడు ఆర్. శివకుమార్ 1997లో అక్కడి కళాకారుల మీదే పెద్ద ప్రదర్శన చేశారు. అక్కడి మనిషే కదా అని ఆయన్ని పక్కన పెడతామా? పక్కన పెడితే నష్టం మనకే.

పాత_స్లైడు: అది ఒప్పుకుంటా. తమ్ముడూ, కళ మీద తెలుగులో వ్యాసాలు రాసిన సంజీవదేవ్‌ని చదివావా? రంగు గురించి, గీత గురించి తెలుగులో ఎలా మాట్లాడొచ్చో అక్కడ దొరుకుతుంది. ఇంగ్లీషు కేటలాగులు తర్వాత చూసుకోవచ్చు.

కుంచె_బెజవాడ: చదవలేదు సార్, చదువుతా. ఆదివారం రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీకి వెళ్తున్నా. 28 ఏళ్లు నిండకుండానే పోయిన మనిషి, నాకిప్పుడు 26. ఒక్క బొమ్మ ముందే గంట కూర్చుని రాసి ఇక్కడ పెడతా, తిట్టండి.

పాత_స్లైడు: పెట్టు. 'అద్భుతం' కనబడిందంటే మొదటి తిట్టు నాదే.