తూర్పు కనుమలు మనవా, అంటార్కిటికావా?

సాగరతీరం: వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతోంది. తూర్పు కనుమలు అసలు భారత్‌వి కావట, అంటార్కిటికా నుంచి వచ్చి అతుక్కున్న చిన్న ఖండమట. రోజూ కైలాసగిరి ఎక్కేవాణ్ణి, ఇందులో నిజమెంత?

రాళ్లపిచ్చి: సగం నిజమండీ. మీరు తొక్కుతున్న ఖోండలైట్ రాయి ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న బురద, ఇసుక. లోతుకు పోయి ఉడికింది. అరకు, పాడేరు వైపు కొన్ని రాళ్లు 900 డిగ్రీలు దాటిన వేడి చూశాయి. భీమిలి ఇసుకలో కనిపించే ఎర్రటి గార్నెట్ కూడా ఈ కొండల సరుకే. ఆ ఉడుకు వయసు సుమారు 100 నుంచి 90 కోట్ల ఏళ్లు. అంటార్కిటికాలోని రేనర్ ప్రాంతపు రాళ్లదీ అదే వయసు. ఈ రెండూ ఒకే ముక్కగా వచ్చి అప్పుడే భారత్‌ను గుద్దుకున్నాయని నా లెక్క.

బస్తర్‌బాబు: ఒప్పుకోను మాస్టారూ. వయసులు కలిస్తే రెండూ కలిసి ఉడికాయని తెలుస్తుందంతే. మనకు ఎప్పుడు అతుక్కున్నాయో ఎలా తెలుస్తుంది? కనుమలు బస్తర్ క్రేటన్ (భారత్‌లోని చాలా పాత, గట్టి భూభాగం) మీదకెక్కిన పడమటి అంచు చూడండి. అక్కడ నలిగిన రాళ్లు సుమారు 50 కోట్ల ఏళ్లు చెబుతున్నాయి. అంటే దక్షిణాది ఖండాలన్నీ గోండ్వానా అనే ఒకే పెద్ద ఖండంగా కూడుకున్న కాలం.

రాళ్లపిచ్చి: పాత పగులే మళ్లీ కదలకూడదా? 50 కోట్లు చివరి జారుడు వయసు కావచ్చు. మొదటి గుద్దు వయసని ఎందుకనుకోవాలి?

బస్తర్‌బాబు: కావచ్చు. కానీ ఆ మొదటి గుద్దు గుర్తు ఆ అంచులోనే చూపించాలిగా. విశాఖ రాళ్ల వయసు తెచ్చి అక్కడ అతికిస్తే ఎలా?

ఒంగోలుగిత్త: మా వైపు మరిచిపోయారు ఇద్దరూ! ఒంగోలు, కొండపల్లి చార్నోకైట్ రాళ్లు ఉడికింది సుమారు 160 కోట్ల ఏళ్ల కిందట. 2003లో డోబ్‌మయర్, రైత్ అనే భూగర్భ శాస్త్రవేత్తలు ఈ కనుమల పట్టీని నాలుగు ప్రావిన్సులుగా విడదీశారు. మాది కృష్ణా ప్రావిన్స్, విశాఖది వేరు. ఇక ‘ఒక చిన్న ఖండం’ ఎక్కడిది?

సాగరతీరం: మరి అంటార్కిటికా నుంచి వచ్చిందన్న మాట?

ఒంగోలుగిత్త: భారత్, అంటార్కిటికా రెండూ కలిసే ఉండేవి, సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట విడిపోయాయి. కనుమలు మన దగ్గరే మిగిలాయి.

బస్తర్‌బాబు: గిత్తగారూ, కనిగిరి దగ్గర దొరికిన పాత సముద్రపు అడుగు ముక్క వయసు సుమారు 133 కోట్లు. మీ ముక్క ఉడికిన 160 కోట్లప్పుడే భారత్‌కు అతికిందనుకుంటే ఆ తర్వాత అక్కడ సముద్రమేంటి?

ఒంగోలుగిత్త: అదే నన్నూ తినేస్తోంది బాబూ. అతికి, మళ్లీ విడి, మళ్లీ మూసుకుందేమో. రాళ్లపిచ్చిగారు ఏమంటారు?